కాగితం లేని చోట ఒట్టు

విశాఖపట్నంలో ఒట్టు లేనిదే పూట గడవదు. పూర్ణా మార్కెట్లో కూరల బేరం, ఫిషింగ్ హార్బర్లో చేపల పాట, గాజువాకలో ఆటో కిరాయి, ఎక్కడ ఏ చిన్న మాట పట్టింపుకొచ్చినా "అమ్మతోడు", "అప్పన్న తోడు", "నీ మీదొట్టు" అనేస్తారు. పది రూపాయల తేడాకు కన్నతల్లినీ సింహాద్రి అప్పన్ననూ సాక్ష్యానికి పిలవడమేమిటని చదువుకున్నవాళ్లు విసుక్కుంటారు. ఇందుకు వాళ్లు చెప్పే కారణాలు రెండు. మన జనానికి దైవభక్తి ఎక్కువన్నది ఒకటి. మన జనం అబద్ధాలకు అలవాటుపడ్డారు కాబట్టి ఒట్టు వేస్తేగాని ఎవరూ నమ్మరన్నది రెండోది. ఈ రెండూ చాలవని నా అభిప్రాయం. చేతిలో రాతకోతలు లేనివాళ్లు, ఉన్నా వాటిని అమలు చేయించుకునే బలం లేనివాళ్లు తమ మాటకు తామే పెట్టుకునే హామీ ఒట్టు. ఈ ప్రాంతపు చరిత్రలో అందుకు కావలసినన్ని ఆధారాలున్నాయి.

పాత ధర్మశాస్త్రాల దగ్గర మొదలుపెడదాం. వ్యాజ్యంలో ముందు చూడవలసినవి పత్రం, అనుభవం (అంటే ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందన్నది), సాక్షులు అని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతుంది. ఈ మూడింటిలో ఏదీ లేనప్పుడే దివ్యం, అంటే నిప్పు, నీరు, త్రాసు, విషం వంటి దైవపరీక్ష. ఆ స్మృతి మీద విజ్ఞానేశ్వరుడి వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగులోకి తెచ్చాడు కాబట్టి ఈ క్రమం మనకు కొత్త కాదు. మనుస్మృతి మరో అడుగు ముందుకేసి, భార్య తలనో కొడుకుల తలనో తాకించి ప్రమాణం చేయించవచ్చంటుంది. ఇవాళ్టి "పిల్లల మీదొట్టు" వయసు ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే, రాత లేనివాడిదే ఒట్టయితే అప్పన్న కొలువైన సింహాచలం సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ గుడి గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలున్నాయి. పదకొండో శతాబ్దం చివర కుళోత్తుంగ చోళుడి కాలం నుంచి 1516లో వచ్చిన కృష్ణదేవరాయల దాకా ఎందరో ఇచ్చిన దానాలు అక్కడ రాతి మీద నిలిచాయి. అంతకు మించిన దస్తావేజు ఎక్కడుంటుంది? అయినా తెలుగు దానశాసనాల చివర శాపం కనిపించడం మామూలే. ఈ ధర్మాన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని రాయించేవారు. ఒట్టు కూడా మనిషి తనమీద తాను పెట్టుకునే శాపమే. రాజుకైనా తన తర్వాత వచ్చేవాళ్ల మీద అధికారం లేదు. రాత నిలిచినా దాన్ని నడిపించే చెయ్యి నిలవదన్న భయమే ఆ రాళ్ల మీద శాపాన్ని చెక్కించింది. కాబట్టి సింహాచలం శాసనాలు నా వాదనను కొట్టెయ్యవు, దాని రెండో సగానికి బలమిస్తాయి.

ఈస్టిండియా కంపెనీ కోర్టులు వచ్చాక ఒట్టు కథ మలుపు తిరిగింది. హిందువులచేత గంగాజలం మీదా ముస్లిములచేత ఖురాన్ మీదా ప్రమాణం చేయించేవారు. ఈ పద్ధతులు చాలామంది మనసుకు కష్టంగా ఉన్నాయని, న్యాయానికి అడ్డుపడుతున్నాయని చెబుతూ 1840లో ఐదో చట్టం తెచ్చారు. అప్పటినుంచి దేవుడి ఎదుట నిజం చెబుతానన్న ఒకే వాక్యాన్ని ఆ రెండు మతాలవాళ్లూ పలకాలి. కోర్టులు లేని కొండల్లో మాత్రం పాత పద్ధతి సాగింది. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ సంస్థానాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించారు. అక్కడి కొండజాతివాళ్లైన కోదులు పులిచర్మం మీద, పుట్టమన్ను మీద ప్రమాణం చేసేవారని ఆ కాలంలో గంజాం కొండల్లో పనిచేసిన మెక్‌ఫర్సన్ రాశాడు. అబద్ధమాడితే పులి తినేస్తుంది, లేదా ఒళ్లు మన్నైపోతుంది. ఆ మాట అడవిలో బతికేవాడికి ఎంత బరువైనదో ఊహించుకోవచ్చు. 1873 చట్టం జనం నమ్మే ఒట్టుకు కొంత చోటిచ్చింది. "నువ్వు ఫలానా ప్రమాణం చెయ్యి, నీ మాటకు కట్టుబడతాను" అని ఎదుటి కక్షిదారుతో అంటే, ఆ ప్రమాణంతో చెప్పింది అలా అన్నవాడికి వ్యతిరేకంగా తిరుగులేని రుజువయ్యేది. కానీ ఒక షరతు పెట్టారు. ఆ ఒట్టు మూడో మనిషికి తగలకూడదు. అంటే తల్లి మీద, పిల్లల మీద ఒట్టు కోర్టులో చెల్లదు. ఇప్పుడు అమల్లో ఉన్న 1969 చట్టం ప్రత్యర్థిని కట్టిపడేసే ఆ పద్ధతిని వదిలేసింది, షరతును మాత్రం ఉంచుకుంది. చట్టం చేసింది మంచి పనే, పసిపిల్లల ప్రాణాన్ని పందెం పెట్టడం ఎవరికీ హితవు కాదు. కాని జనం దృష్టిలో అన్నిటికన్నా గట్టి ఒట్టు కోర్టు తలుపు దగ్గరే ఆగిపోయి వీధిలో మిగిలింది.

ఇక అబద్ధాల అభియోగం. ఈ దేశపు సాక్షులు నమ్మదగినవాళ్లు కారని తెల్లదొరలు అదేపనిగా రాసుకున్నారు. మన రచయితలు కూడా కోర్టు ప్రమాణాన్ని వెనకేసుకురాలేదు. 1897లో వచ్చిన 'కన్యాశుల్కం' విశాఖపట్నంలో ముగుస్తుంది. అందులో వ్యాజ్యాల చుట్టూ నడిచే బేరాలను గురజాడ దాచలేదు. ఈ ఊళ్లోనే వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి 'ఆరు సారా కథల్లో' బోనెక్కి పలికే నిజానికీ బయట జరిగిన నిజానికీ ఎంత దూరమో చూపించాడు. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. అయితే వీటివల్ల తేలేదేమిటి? కోర్టులో ఒట్టు వేసేది ముక్కూమొహం తెలియని అధికారి ఎదుట, ఎవరో అందించిన వాక్యంతో. అబద్ధం బయటపడితే శిక్ష పడవచ్చు, పడకపోవచ్చు. వీధిలో ఒట్టు వేసేది రేపు మళ్లీ ఎదురుపడే మనిషి ముందు. దొంగొట్టు అని తేలితే అప్పు పుట్టదు, సంబంధం కుదరదు. చదువులేని బీదవాడు ఒకచోట ప్రమాణాన్ని లెక్కచేయక, మరోచోట ఒట్టు వేయడానికి జంకితే, వాడికి సత్యమంటే గౌరవం లేదని అర్థం కాదు. ఏ ఒట్టు వెనక నిజమైన బాధ్యత ఉందో వాడికి తెలుసు.

మరి ఇంత తరచుగా ఎందుకు? దీనికి జవాబు రేవులో ఉంది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ రావడంతో కొత్త హార్బరు మొదలైంది. బెంగాల్ నాగపూర్ రైల్వే మధ్యపరగణాల మాంగనీసును ఎగుమతి చేయడానికి కట్టిన రేవది. పుట్టిపెరిగిన ఊళ్లో మనిషికి ఇంటిపేరే పూచీ. రేవుకు పని కోసం వచ్చిన మనిషిని ఎవరూ ఎరగరు. కూలి లెక్క మేస్త్రీ నోట్లో ఉంటుంది, బియ్యం అప్పు కొట్టువాడి గుర్తులో ఉంటుంది. 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చి, ఇక్కడా డాక్ లేబర్ బోర్డు ఏర్పడి పేర్లు నమోదయ్యేదాకా ఎందరో కళాసీలకు ఫలానా రోజు పనిచేశానని చూపించే చీటీ లేదు. 1951 నాటికి దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 18 మందే. పరిచయం లేనివాళ్ల మధ్య రోజుకు ఇరవై చిన్న లావాదేవీలు జరిగితే ఇరవై సార్లు పూచీ కావాలి. ఒట్లు పెరగడానికి అంతకన్న వింత కారణం అక్కర్లేదు.

ఇన్నిసార్లు వాడితే ఒట్టు విలువ పడిపోదా అన్న ప్రశ్న న్యాయమైనదే. పడిపోతుంది కూడా. అందుకే జనం ఒట్లలో మెట్లు కట్టుకున్నారు. "దేవుడి తోడు" ఊతపదంతో సమానం. "అమ్మతోడు" కాస్త గట్టిది. అన్నం ముట్టుకుని, దీపం ఆర్పి, బిడ్డ తల మీద చెయ్యిపెట్టి వేసే ఒట్టు వేరు. అది అడగడానికే నోరు రాదు, అడిగితే ఆ స్నేహం తెగిపోయినా తెగిపోవచ్చు. తేలిక ఒట్టును రద్దు చేసుకోవడానికి "ఒట్టు తీసి గట్టుమీద పెట్టు" అన్న వెసులుబాటూ ఉంది. ఆడపిల్ల పెళ్లికి, ప్రాణాపాయానికి అబద్ధమాడవచ్చని శుక్రాచార్యుడు బలికి చెప్పిన భాగవత కథ తెలిసిన జనం వాళ్లు. ఎక్కడ మాట జారినా ఫరవాలేదో, ఎక్కడ కూడదో వాళ్లకు లెక్క ఉంది.

చదువులు, రశీదులు, ఫోన్లో డబ్బు పంపుకోవడాలు వచ్చాక ఒట్టు తగ్గాలి కదా అంటారు. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. 2020 డిసెంబరులో ఈ నగరంలోనే ప్రత్యర్థి పార్టీల నాయకులు సాయిబాబా గుడిలో ప్రమాణానికి రమ్మని ఒకరినొకరు సవాలు చేసుకున్నారు. చట్టాలు చేసేవాళ్లకే కాగితం మీద నమ్మకం చాలలేదు. కాగితం ఉండీ ఫలితం దక్కనివాళ్ల మాట చెప్పాలంటే ఉక్కు కర్మాగారం దగ్గరికి వెళ్లాలి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా ఊళ్లు భూములిచ్చాయి. నిర్వాసితులకు 'ఆర్ కార్డు' ఇచ్చి, దాని మీద ఉద్యోగం వస్తుందన్నారు. అది నోటిమాట కాదు, ప్రభుత్వం ఇచ్చిన కార్డు. వేలమందికి ఉద్యోగాలు వచ్చాయి, వేలమందికి రాలేదు. కార్డు అందుకున్నవాళ్లు ముసలివాళ్లై, పిల్లలూ మనవలూ ఆ కార్డు పట్టుకుని ధర్నాలు చేస్తున్నారు. ఈ జనం మాటమాటకీ ఒట్టు వేస్తారని తప్పుపట్టేవాళ్లు ముందు ఆ కార్డుల లెక్క తేల్చమని ప్రభుత్వాన్ని అడగాలి.