అభ్యాసం, వ్యాయామం: రెండు పదాల ప్రస్థానం

గణిత పాఠ్యపుస్తకంలో పాఠం ముగియగానే విద్యార్థికి ఎదురయ్యే శీర్షిక 'అభ్యాసం'. దేహదార్ఢ్యాన్ని కోరే యువకుడు ప్రాతఃకాలంలో ఆచరించేది 'వ్యాయామం'. నేటి తెలుగు వ్యవహారంలో ఈ రెండు పదాల పరిధి దాదాపు ఇంతవరకే కుంచించుకుపోయింది. కానీ వీటి పూర్వచరిత్ర అతివిస్తృతం. యజ్ఞవేదిక కొలతలలో, పాణినీయ వ్యాకరణంలో, ఆయుర్వేదంలో, రాజనీతిలో, బౌద్ధదర్శనంలో, యోగవేదాంతాలలో ఇవి వేర్వేరు అర్థాలతో సంచరించాయి. ఏండ్ల తరబడి జపం చేసినా మనస్సు నిలువలేదని పరితపించే సాధకుడు ఎందరో ఉన్నారు. చేసిందే మరల మరల చేయడంలో సార్థక్యం ఏమిటన్నది అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు పూర్వాచార్యులు ఇచ్చిన సమాధానం ఈ పదాల చరిత్రలోనే నిక్షిప్తమై ఉంది.

ధాత్వర్థ విచారం

'వ్యాయామ' శబ్దంలో 'వి', 'ఆ' అనే ఉపసర్గలు, 'యమ్' అనే ధాతువు ఉన్నాయి. కేవల 'యమ్' ధాతువుకు నియమించుట, అదుపులో నిలుపుట అని అర్థం. అష్టాంగయోగంలో మొదటిదైన యమం ఇదే. దానికి 'ఆ' చేరితే చాచుట, దీర్ఘం చేయుట అనే అర్థం వస్తుంది. ప్రాణాయామంలోని ఆయామం ఇటువంటిదే. నిగ్రహం, విస్తారం అనే రెండు భావాలకూ ఒకే ధాతువు మూలం కావడం గమనింపదగినది. నిగ్రహం లేని విస్తారం వ్యాయామం కాదు, కేవలం ఆయాసం.

'అభ్యాస' శబ్దానికి మూలం 'విసరుట' అనే అర్థం గల 'అస్' ధాతువు. బాణాన్ని విసిరేది కనుక ధనుస్సుకు 'ఇష్వాసం' అనే పేరు ఈ ధాతువు నుంచే ఏర్పడింది. 'అభి' అనే ఉపసర్గ అభిముఖత్వాన్ని సూచిస్తుంది. కనుక అభ్యాసం అంటే లక్ష్యానికి అభిముఖంగా వేయుట. ముండకోపనిషత్తు ప్రణవాన్ని ధనుస్సుగా, ఆత్మను శరంగా, బ్రహ్మాన్ని లక్ష్యంగా వర్ణించింది. ఆ రూపకాన్ని స్మరించినవారికి ఈ వ్యుత్పత్తిలోని ఔచిత్యం స్పష్టమవుతుంది.

ఈ ధాతువు పరివారం ఇంకా విశాలమైనది. ఒకదాని ధర్మాన్ని మరొకదానిపై వేయుట 'అధ్యాసం'. రజ్జువులో సర్పాన్ని చూపే ఆ భ్రాంతినే శంకర భగవత్పాదులు తమ బ్రహ్మసూత్రభాష్యానికి ఉపోద్ఘాతంగా చర్చించారు. సర్వాన్నీ సమ్యక్‌గా దించివేయుట 'సంన్యాసం'. మంత్రాక్షరాలను అంగములపై నిలుపుట 'న్యాసం'. సైన్యాలు యుద్ధానికి పూర్వం చేసే 'విన్యాసం' కూడా ఇదే ధాతువు నుంచి పుట్టింది. బంధానికి కారణమైన అధ్యాసం, దాని నివృత్తికై చేసే అభ్యాసం, నివృత్తికి గుర్తుగా నిలిచే సంన్యాసం ఏకధాతుజన్యాలు. మారినవి ఉపసర్గలు మాత్రమే.

కొలత, గణితం, వ్యాకరణం

వ్యాయామం మొదట దేహశ్రమకు మాత్రమే పేరు కాదు. యజ్ఞవేదికల నిర్మాణాన్ని బోధించే శుల్బసూత్రాలలో అది ఒక దైర్ఘ్యమానం. బౌధాయనుల లెక్కలో 4 అరత్నులు ఒక వ్యాయామం. మనిషి బాహువులను చాచిన విస్తారమే మానదండమై, వేదిక ఎంత ఉండాలో నిర్ణయించింది.

అదే శుల్బసూత్రాలలో 'అభ్యాస' శబ్దం సంకలనానికీ, గుణకారానికీ కూడా ప్రయుక్తమైంది. ఒకే సంఖ్యను మరల మరల కూడితే గుణకారం సిద్ధిస్తుంది కనుక ఆ రెండింటికీ ఒకే పేరు కుదిరింది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యులు బీజగణితంలో అడ్డంగా చేసే గుణకారాన్ని 'వజ్రాభ్యాసం' అని వ్యవహరించారు. ఆవృత్తి వల్ల వృద్ధి కలుగుతుందన్న భావన గణితంలో ఇట్లా స్థిరపడింది.

పాణిని మహర్షి అష్టాధ్యాయిలో ఇదే పదానికి మరొక పారిభాషికార్థాన్ని కల్పించారు. ధాతువుకు ద్విత్వం వచ్చినప్పుడు రెండింటిలో మొదటి భాగానికి 'అభ్యాసం' అని పేరు. 'దా' ధాతువు ద్విత్వం పొంది 'దా దా' కాగా, మొదటిది హ్రస్వమై 'దదాతి' అనే రూపం ఏర్పడుతుంది. ఇక్కడి మొదటి 'ద' కారమే అభ్యాసం. అది సంకోచించి ముందు నిలుస్తుంది. ధాతువు దాని వెనుక నిలుస్తుంది. ఇది కేవలం వ్యాకరణ ప్రక్రియ. అయినా అహంకారం హ్రస్వమైతేనే సాధన సాగుతుందని తెలిసిన సాధకునికి ఈ ప్రక్రియ మనోహరంగా తోచక మానదు.

దేహం, రాజ్యం, ధర్మచక్రం

ఆయుర్వేదం వ్యాయామాన్ని మాత్రతో ముడిపెట్టింది. స్థైర్యాన్ని, బలాన్ని పెంచే అభీష్టమైన దేహచేష్టయే వ్యాయామమనీ, దాన్ని మితంగా ఆచరించాలనీ చరకసంహిత సూత్రస్థానం బోధిస్తుంది. దేహలాఘవం, కార్యసామర్థ్యం, క్లేశసహిష్ణుత, జఠరాగ్నివృద్ధి దాని ఫలాలు. మితి తప్పితే శ్రమ, తృష్ణ, జ్వరం వంటి ఉపద్రవాలు సంభవిస్తాయి. శక్తికి మించి సాహసించినవాణ్ణి చరకసంహిత ఏనుగును ఈడ్చబోయి నశించే సింహంతో పోల్చింది. సుశ్రుతులు తన బలంలో సగం మాత్రమే వినియోగించమన్నారు. వాగ్భటులు బలవంతులకు సైతం శీతకాలంలోనూ వసంతంలోనూ అర్ధశక్తిని విధించి, తక్కిన ఋతువులలో అంతకన్నా మందంగా చేయమన్నారు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో వ్యాయామం రాజ్యస్థాయికి ఎదుగుతుంది. యోగక్షేమాలకు శమం, వ్యాయామం అనే రెండూ మూలాలని ఆ గ్రంథం ప్రతిపాదిస్తుంది. ఆరంభించిన కార్యాలను సిద్ధింపజేసే ఉద్యమం వ్యాయామం. సిద్ధించిన ఫలాన్ని ఉపద్రవం లేకుండా అనుభవింపజేసేది శమం. వేదాంతంలో సాధనచతుష్టయానికి చెందిన శమాది షట్కంలో మొదటిది శమం. రాజ్యానికి చెప్పిన ఈ జంట సాధకునికి కూడా సుపరిచితమే. ఉద్యమం మాత్రమే ఉండి శమం లేనివాడు కూడబెట్టినదాన్ని నిలుపుకోలేడు.

బౌద్ధుల ఆర్యాష్టాంగమార్గంలో ఆరవ అంగం సమ్యగ్వ్యాయామం, పాళీలో సమ్మావాయామ. ఇక్కడ దేహప్రసక్తి లేదు. పుట్టని పాపభావాన్ని పుట్టనీయకపోవడం, పుట్టినదాన్ని విడిచివేయడం, పుట్టని కుశలభావాన్ని కలిగించుకోవడం, కలిగినదాన్ని పోషించుకోవడం అనే 4 ప్రయత్నాలకు ఆ పేరు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలు నిలిచిన ఆంధ్రభూమికి ఈ అర్థం కొత్తది కాదు.

ఆవృత్తి: భేదమా, ఏకత్వమా

శాస్త్రం చెప్పినదాన్నే మరల ఎందుకు చెబుతుంది? ఈ ప్రశ్నకు పూర్వోత్తర మీమాంసలు ఒకే పదంతో విభిన్నమైన సమాధానాలిచ్చాయి. జైమిని సూత్రాలలో అభ్యాసం కర్మభేదానికి హేతువు. దర్శపూర్ణమాస ప్రకరణంలో యజించుట అనే క్రియ 5 మార్లు వినబడుతుంది. అది వ్యర్థమైన పునరుక్తి కారాదు గనుక 5 వేర్వేరు ప్రయాజాలు విధింపబడినట్లు మీమాంసకులు నిర్ణయించారు.

వేదాంతంలో అభ్యాసం తాత్పర్య నిర్ణాయకాలైన షడ్విధలింగాలలో ఒకటి. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువుకు తత్త్వమసి మహావాక్యాన్ని 9 మార్లు ఉపదేశించాడు. ఇక్కడి ఆవృత్తి అర్థభేదాన్ని చెప్పదు. తాత్పర్యం ఒక్కటేనని దృఢపరుస్తుంది. ప్రతి పర్యాయం దృష్టాంతం మారుతుంది: తేనెలో కలిసిన పుష్పరసాలు, సముద్రంలో కలిసిన నదులు, వటబీజం, జలంలో కరిగిన లవణం. ఉపదేశం మాత్రం మారదు. శ్వేతకేతువు ప్రతిసారీ ఇంకా బోధించమని కోరాడు. తండ్రి విసుగు చెందలేదు. శిష్యుని సందేహం ఒక్కొక్క పొరగా తొలగడానికి గురువు కూడా అభ్యాసం చేయవలసి వచ్చింది.

చిత్తనది

పతంజలి యోగసూత్రాలలో అభ్యాసానికి అతిస్పష్టమైన నిర్వచనం లభిస్తుంది. చిత్తవృత్తి నిరోధానికి అభ్యాస వైరాగ్యాలు సాధనాలు. చిత్తస్థితి కోసం చేసే ప్రయత్నమే అభ్యాసం. మహర్షి ఇక్కడ ప్రయత్నాన్నే అభ్యాసమన్నారు. స్థితి చిక్కలేదు కనుక అభ్యాసం జరగలేదనడం సూత్రార్థానికి విరుద్ధం. ఆ ప్రయత్నం దీర్ఘకాలం, నిరంతరం, సత్కారపూర్వకంగా సాగినప్పుడే దృఢభూమి అవుతుంది. ఈ మూడింటిలో తరచుగా లోపించేది సత్కారం. తపస్సు, బ్రహ్మచర్యం, విద్య, శ్రద్ధ అనేవే ఆ సత్కారమని వ్యాసభాష్యం వివరించింది.

అదే భాష్యం చిత్తాన్ని రెండు దిక్కులకు ప్రవహించే నదిగా దర్శించింది. ఒక ప్రవాహం కైవల్యం వైపు, మరొకటి సంసారం వైపు. విషయాల దిక్కున పారే ప్రవాహానికి వైరాగ్యం ఆనకట్ట వేస్తుంది. వివేకదర్శనాభ్యాసం రెండవ కాలువను తెరుస్తుంది. ఆనకట్ట లేకుండా కాలువ తవ్వినా నీరు రాదు. కాలువ లేకుండా ఆనకట్ట కట్టినా అది నిలువదు.

గీత ఆరవ అధ్యాయంలో మనస్సును నిగ్రహించడం వాయువును బంధించడమంత దుష్కరమని అర్జునుడు మొరపెట్టుకున్నాడు. భగవానుడు ఆ మాటను ఖండించలేదు. మనస్సు చంచలమే అని అంగీకరించి, అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ అది వశమవుతుందన్నాడు. ద్వాదశాధ్యాయంలో చిత్తాన్ని తనయందు స్థిరంగా నిలుపలేనివానికి అభ్యాసయోగాన్నే మార్గంగా చూపాడు. అక్కడి భాష్యంలో శంకరులు, అంతటి నుంచీ చిత్తాన్ని మరల్చి ఒకే ఆలంబనంలో మరల మరల నిలుపుటే అభ్యాసమన్నారు. చిత్తం జారిపోవడం ఆ నిర్వచనంలోనే అంగీకృతమై ఉంది. జారకపోతే మరల మరల నిలపవలసిన అగత్యమే లేదు.

వడ్లు, బియ్యం

ఇక్కడే ఒక సూక్ష్మమైన వివాదం తలెత్తింది. ద్వాదశాధ్యాయమే కొంతదూరం సాగి, అభ్యాసం కంటె జ్ఞానం శ్రేష్ఠమని పలుకుతుంది. మరి అభ్యాసం వ్యర్థమా? శంకరులు అక్కడ వివేకరహితమైన అభ్యాసాన్నే తక్కువగా గ్రహించారు. మరొకవైపు, మహావాక్య శ్రవణం వల్ల కలిగే జ్ఞానం చాలదనీ, ప్రసంఖ్యానమనే ధ్యానాభ్యాసం తోడైతేనే మోక్షమనీ కొందరు వాదించారు. శంకరులు ఉపదేశసాహస్రిలోనూ, సురేశ్వరాచార్యులు నైష్కర్మ్యసిద్ధిలోనూ ఈ పక్షాన్ని నిరాకరించారు. ఆత్మ నిత్యసిద్ధం. అభ్యాసంతో పుట్టేది ఏదైనా కాలక్రమంలో నశిస్తుంది. మోక్షం అభ్యాసజన్యమైతే అదీ అనిత్యమే కావాలి.

అయితే భగవత్పాదులు అభ్యాసాన్ని త్రోసిపుచ్చలేదు. బ్రహ్మసూత్రాల నాల్గవ అధ్యాయం ఆవృత్తి విచారంతోనే ఆరంభమవుతుంది. శ్రవణ మనన నిదిధ్యాసనలు దర్శనం కలిగేవరకు ఆవర్తించవలసినవని అక్కడి భాష్యం నిర్ణయించింది. వడ్ల దంపుడును అందుకు దృష్టాంతంగా చూపింది. బియ్యం వెలువడేవరకు రోకటిపోటు సాగాలి. ఇన్ని పోట్లని లెక్క లేదు. ఒక్కమారు వినగానే గ్రహించగల ఉత్తమాధికారికి ఆవృత్తి అక్కరలేదు. తక్కినవారికి అది అనివార్యం.

ఈ దృష్టాంతంలో సాధకుని ప్రశ్నకు సమాధానం ఉంది. రోలు బియ్యాన్ని సృష్టించదు. అది వడ్లలో ముందే ఉంది. దంచడం పొట్టును తొలగిస్తుంది. అభ్యాసం ఆత్మను పుట్టించదు; అధ్యాసాన్ని తొలగిస్తుంది. పొట్టు ఏ పోటుకు ఊడిందో చెప్పలేము గనుక ముందరి పోట్లు వ్యర్థమనడం తగదు. అయితే గింజ లేని ఊకను ఎంత దంచినా బియ్యం రాదు. వివేకం లేని ఆవృత్తి అటువంటిది.

తెలుగునాట

ఈ భావధార తెలుగునాట కూడా ప్రవహించింది. దక్షస్మృతి వేదాభ్యాసాన్ని స్వీకారం, విచారం, అభ్యసనం, జపం, శిష్యులకు దానం అని 5 విధాలుగా విభజించింది. ఘనాపాఠులు నేటికీ పదాలను ముందుకూ వెనుకకూ ఆవర్తిస్తూ ఆ సంప్రదాయాన్ని నిలుపుతున్నారు. కర్ణాటక సంగీతంలో అభ్యాసగానం, సభాగానం అని రెండు విభాగాలు. పురందరదాసుల పేరిట నిలిచిన సరళి, జంట వరుసలతో శిక్షణ మొదలవుతుంది. స్వరం జంటగా పలికే జంట వరుసలలో పాణినీయ ద్విత్వం ప్రతిధ్వనిస్తుంది.

దేహవ్యాయామానికి రాజాదరణ ఉండేది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు సూర్యోదయానికి ముందే నువ్వుల నూనె సేవించి, ఒంటికి పట్టించుకుని, బరువులెత్తి, ఖడ్గం త్రిప్పి, మల్లునితో పెనుగులాడి, గుర్రపుస్వారీ చేసేవాడని వ్రాశాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఆధునిక కాలంలో 'కలియుగ భీముడు'గా విఖ్యాతి పొందారు. సాము, గరిడీ అనే దేశ్య వ్యవహారాలకు ఉర్దూ ద్వారా 'కసరత్తు' వచ్చి చేరింది. దాని మూలమైన అరబ్బీ పదానికి ఆధిక్యం, బాహుళ్యం అని అర్థం. మరల మరల చేయడమే శ్రమకు స్వరూపమని ఆ భాష కూడా గుర్తించింది. గ్రీకులు మల్లుల శిక్షణకు వాడిన 'ఆస్కేసిస్' అనే మాటే తరువాతి కాలంలో తపశ్చర్యకు వాచకమైంది.

నేడు కసరత్తు వార్తాపత్రికలలో అభ్యర్థుల ఎంపికకూ, విన్యాసం సైన్యానికీ, అభ్యాసం పాఠ్యపుస్తకానికీ, సాధన జపమాలకూ పంచబడినట్లు కనిపిస్తుంది. పూర్వులకు ఈ విభజన ఇంత కఠినంగా లేదు. వారు దేహానికి మాత్రను, రాజ్యానికి శమాన్ని, చిత్తానికి సత్కారాన్ని, ఆత్మవిచారానికి వివేకాన్ని తోడుగా విధించారు. ఆ తోడు ఉన్నచోట ఆవృత్తి యాంత్రికం కాదు. జపం నడుమ మనస్సు జారిన క్షణం సాధకుని ఓటమి కాదు. దాన్ని గుర్తించి మరల ఆలంబనంపై నిలిపిన క్షణానికే శాస్త్రం అభ్యాసమని పేరు పెట్టింది.