ఎక్స్‌పీలో ఉండిపోయిన తెలుగు

చెన్నై తొండియార్‌పేటలో, తిరువొత్తియూర్ హైరోడ్డు పక్క సందులో మా డీటీపీ గది. అందులో ఇంటర్నెట్ తగిలించని పాత కంప్యూటర్ ఒకటుంది. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. ఈ పేటలోని తెలుగువాళ్ల శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, సంఘాల సావనీర్లు అన్నీ దాంట్లోనే తయారయ్యాయి.

అప్పట్లో ఫాంటుకు 256 గళ్లే. ఇంగ్లీషు అక్షరాలుండాల్సిన ఆ గళ్లలోనే తలకట్టూ గుడీ ఒత్తులూ విడివిడిగా సర్దారు మనవాళ్లు. తెరమీద ‘లక్ష్మి’ అని కనిపించినా, ఫైల్లో ఉండేది పరభాషా గుర్తుల వరసే. ఫాంటు తీసేస్తే తెలుగు లేదు. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య కేటాయించే యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 స్థానాలు ఇచ్చింది. ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంటూ వచ్చింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, మా పనంతా పేజ్‌మేకర్‌లోనే.

అయినా ఇన్నేళ్లు నెట్టుకొచ్చామంటే, పాత ప్రోగ్రాములను కొత్త విండోస్ మోస్తూ రావడం వల్లే. సిమ్‌సిటీ అనే ఆటలో ఒక తప్పుండేది: వదిలేసిన మెమరీనే మళ్లీ చదివేది. పాత విండోస్‌లో అది బయటపడలేదు. విండోస్ 95 తయారుచేసినవాళ్లు, ఆ ఆట నడుస్తుంటే మెమరీని వెంటనే లాక్కోకుండా ప్రత్యేకంగా ఏర్పాటు చేశారట. ఎవరి తప్పునో తమ నెత్తిన వేసుకున్న ఆ ఇంజనీర్లంటే నాకెంతో గౌరవం.

ఆ మోతకూ హద్దుంది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను దాని వారసుడైన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వరకే తెరవగలిగేది. ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. అందుకే మా పాత యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాను.

మొన్న ఒక పెద్దాయన వచ్చారు. 2004లో తండ్రిగారి పేరిట వేయించిన పుస్తకం మళ్లీ కావాలన్నారు. “బాబూ, నా దగ్గర ఒక్క ప్రతీ మిగల్లేదు” అన్నారు. సీడీ వెతికి, ఎక్స్‌పీలో తెరిచి, యూనికోడ్‌లోకి మార్చాను. ఒకసారి ఇచ్చిన అక్షరస్థానాన్ని కదపకూడదని యూనికోడ్ వాళ్లు 1996 నుంచీ నియమం పెట్టుకున్నారు. దాన్ని నమ్ముకునే ఈ పని. మార్పిడిలో ఒత్తులు తారుమారయ్యాయి. పాత తెర పక్కనే పెట్టుకుని, 48 పేజీలూ రెండు రాత్రులు కూర్చుని దిద్దాను. ప్రూఫు ఆయనే గట్టిగా చదివారు.

బీరువాలో ఇంకా రెండు డబ్బాల సీడీలున్నాయి. పాత యంత్రంలోని సీడీ డ్రైవు పనిచేస్తుండగానే రోజుకొకటి చొప్పున దించుతున్నాను.