తొలుచువాండ్రు, మా వాండ్లు

మాది హాలియా. ఇంజినీరింగులో చేరిన కొత్తలో ఒకసారి హాస్టల్లో "మా వాండ్లు వచ్చిండ్రు" అన్నాను. గదిలో అందరూ ఒకటే నవ్వు. "వాళ్ళు వచ్చారు అనాలి బాబూ" అని ఒకడు దిద్దాడు కూడా. అప్పట్నుంచి జాగ్రత్తపడటం అలవాటైంది. ఉద్యోగంలో చేరాక పక్కన ఎవరైనా ఉంటే ఇంటికి ఫోన్ చేసినా "వచ్చారా" అనే అడిగేవాణ్ణి. "గదేంది బిడ్డా, గట్ల మాట్లాడుతున్నవ్?" అనేది అమ్మ.

తర్వాతెప్పుడో కీసరగుట్ట సంగతి చదివాను. హైదరాబాదుకి ఈశాన్యంగా ఉన్న ఆ గుట్ట దగ్గర ఒక బండ మీద ఒకే ఒక్క మాట ఉంది: తొలుచువాండ్రు. అంటే రాళ్ళు తొలిచేవాళ్ళు. విష్ణుకుండినుల కాలం, సుమారు 5వ శతాబ్దం అంటారు. పూర్తి తెలుగులో ఉన్న తొలి శాసనంగా చెప్పే కడప జిల్లా కలమళ్ళ శాసనం 575 నాటిది. ఈ మాట దానికన్నా పాతదన్నమాట.

సరే, దీన్ని డీకంపైల్ చేద్దాం. తొలుచు + వాండు + రు. ఇక్కడ 'తొలుచు' అంటే నిన్న చేసిన పనో రేపు చేయబోయే పనో కాదు, ఎప్పుడూ చేసే పని. వ్యాకరణంలో తద్ధర్మం అంటారు. అంటే అదే వాళ్ళ వృత్తి. 'వాండు'లోని సున్న తర్వాత అరసున్నై 'వాఁడు' అయ్యింది, చివరికి అదీ పోయి 'వాడు' మిగిలింది. 'రు' మనుషులకి వాడే బహువచనం. దాని చోట 'లు' చేరితే వాండ్లు. అది అరిగితే వాళ్ళు.

ఇక మా 'వచ్చిండ్రు' చూడండి. వచ్చిండు + రు. అదే ండు, అదే రు, అదే పద్ధతి! 'వచ్చారు' తప్పని కాదు, 'వచ్చినారు' కుదించుకుపోతే వచ్చిందది. కానీ 'వచ్చిండ్రు' మాత్రం తప్పెలా అయ్యింది?

మా ఊరికి దగ్గర్లోనే నాగార్జునకొండ. అక్కడి ఇక్ష్వాకుల శాసనాలు ప్రాకృతంలో, సంస్కృతంలో ఉంటాయి. రాజులు, రాణులు, దానాలు. కీసరగుట్ట బండ మీద రాజు పేరు లేదు, దానం లేదు. పనివాళ్ళ పేరుంది, వాళ్ళ తెలుగులో. చెక్కింది కూడా వాళ్ళేనని నా ఊహ.

మొన్న ఆఫీసులో అందరి మధ్యా ఫోనెత్తి గట్టిగానే అడిగాను: "అమ్మా, చిన్నాయన వాండ్లు వచ్చిండ్రా?"