పదిమంది పలికే ఆమెన్

మాన్‌హటన్, లోయర్ ఈస్ట్ సైడ్. డిసెంబరు సాయంత్రం నాలుగు దాటింది. చిన్న సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనాలయంలో, వెనక బల్ల మీద కూర్చున్నారు మీరు. పొద్దు గూకేలోపు మిన్హా అనే మధ్యాహ్నపు ప్రార్థన చెప్పేయాలి. మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టకూడదని, పది మాటలున్న కీర్తన వాక్యం ఒకటి ఒక్కొక్కరి మీదుగా చదువుతూ పోతున్నాడు ఓ పెద్దాయన. తొమ్మిదో మాట దగ్గర ఆగిపోయాడు.

ముందు వరుసలోని నడివయసు మనిషికి తండ్రి పోయి రెండు వారాలవుతోంది. రోజూ వచ్చి, పోయినవాళ్ల కోసం చెప్పే కద్దిష్ ప్రార్థన చెబుతున్నాడు. ఈ సంప్రదాయంలో దానికి పదిమంది మగవాళ్లుండాలి, పదమూడేళ్లు నిండినవాళ్లు. ఒంటరిగా చెప్పుకునేది కాదది. ఓ కుర్రాడు వీధిలోకి పరుగెత్తాడు. కిటికీలో వెలుతురు పల్చబడుతుండగా తలుపు తెరుచుకుంది. చేతిలో కూరగాయల సంచితో ఎవరో దారినపోయే మనిషి. పేరు కూడా అడక్కుండా చేతికి పుస్తకమిచ్చారు.

ప్రార్థన చివర్లో కొడుకు లేచి నిలబడ్డాడు. కద్దిష్ అంటే పవిత్రమని అర్థం. పలికేది చాలావరకు హీబ్రూ కాదు, ఒకప్పుడు యూదులు ఇళ్లలో, బజారులో మాట్లాడుకున్న అరమాయిక్. ఆయన నాలుక తడబడుతోంది. పక్కనున్న మరో దుఃఖితుడు తన వేగం తగ్గించి ఆయనతో గొంతు కలిపాడు. చెవి ఒగ్గి వినండి. చావు ఊసు లేదు, నాన్న పేరు లేదు. దేవుడి నామం ఘనమవ్వాలి, ఆయన రాజ్యం త్వరగా రావాలి, శాంతి కలగాలి, అంతే. తండ్రిని మట్టిలో పెట్టి వచ్చిన మనిషి నోట ఇంత స్తుతి వింటుంటే గుండె పట్టేస్తుంది.

ఇంతలో గది మొత్తం ఒక్కసారిగా గొంతెత్తింది. ఆ నామం యుగయుగాలకూ స్తుతి పొందాలంటూ అందరూ బదులిచ్చారు. నా మట్టుకు కద్దిష్‌కు ప్రాణం ఇదే. ఇందరి చేత ఆ మాట పలికించిన పుణ్యం పోయినవాళ్లకు చెందుతుందని సంప్రదాయం. 1096లో క్రూసేడర్లు రైన్ తీరపు యూదుల్ని ఊచకోత కోశారు. ఆ తర్వాతి తరాల్లో అక్కడే కద్దిష్ తల్లిదండ్రులు పోయినవాళ్ల ప్రార్థనగా స్థిరపడింది.

ఆడవాళ్లు కూర్చునే తెర వెనక నుంచి ఒక స్త్రీ గొంతు కూడా కలిసింది. సంప్రదాయంగా కద్దిష్ కొడుకులు చెప్పేది. 1916లో అమెరికన్ యూదు నాయకురాలు హెన్రియెట్టా సోల్డ్ తల్లి చనిపోయారు. కొడుకుల్లేని ఇల్లు కదా, తాను చెబుతానని ఒక స్నేహితుడు ముందుకొచ్చాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పి, తల్లికి తానే చెప్పుకుంటానని బదులు రాశారు. ఆ హక్కు ఆమెదే అనిపిస్తుంది నాకు.

కొడుకు మూడడుగులు వెనక్కి వేసి, ఎడమకు, కుడికి, ఎదుటికి వంగాడు. పెద్దాయన హీబ్రూ కేలండర్ తిరగేసి, హెష్వాన్ నెలలో ఒక తేదీ దగ్గర వేలు పెట్టాడు. తండ్రి పోయి పదకొండు నెలలు ఆనాటికి నిండుతాయి. ఎంతటి పాపాత్ముడికైనా పరలోకంలో శిక్ష పన్నెండు నెలలకు మించదంటారు. కన్నతండ్రిని ఆ కోవలో చేర్చడం ఇష్టంలేక, కొడుకు ఒక నెల ముందే కద్దిష్ ఆపేస్తాడు.