కోళ్లతెగులును దేశపటమును

పెరటికోడి తల వాల్చినచో మన యిండ్లలో “ఏదో తెగులు” అని నిట్టూర్చి యూరకుందుము. ఏల వచ్చెనని యడుగువారు కొందఱు. ఎక్కడెక్కడ వచ్చెనని యడుగువారు మిక్కిలి యరుదు. అయినను ఈ రెండవ ప్రశ్నమే మొదటిదానికి దారి చూపిన సందర్భములు చరిత్రమున గలవు. 1854లో లండను నగరపు సోహో పేటలో కలరా చెలరేగగా జాన్ స్నో యను వైద్యుడు మరణములు గలిగిన యిండ్లను పటముపై గుర్తించెను. ఆ గుర్తులు బ్రాడ్ వీధిలోని నీటిపంపు చుట్టును మూగియుండెను. చెడుగాలియే కలరాకు మూలమని నమ్ముచుండిన కాలమున, దోషము నీటిదని చూపుటకు ఆ పటము తోడ్పడెను.

బర్డ్ ఫ్లూ విషయమునను ఇట్టి కథయే కలదు. 1996లో చైనాదేశపు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున పెద్దబాతులలో కనుగొనబడిన హెచ్5ఎన్1 విషక్రిమి 1997లో హాంకాంగులో 18 మందికి సోకి ఆరుగురిని బలిగొనెను. అచ్చటి కోళ్లనెల్ల ప్రభుత్వము చంపించెను. తెగులు అణగెనే కాని నశింపలేదు. 2004 తొలి నెలలలో ఆగ్నేయాసియా దేశములు పెక్కింట బయటపడెను.

ఆ యేడే థాయిలాండు ప్రభుత్వము ఇల్లిల్లును వెదకించి పక్షులను పరీక్షింపజేసెను. పరిశోధకులు రోగము కన్పట్టిన యూళ్లను, కోళ్ల సంఖ్యను, బాతుల సంఖ్యను, వరిపొలములను పటములకెక్కించి, యొకదానితో నొకటి సరిపోల్చిరి. ఏ సీమలో వరి ఏటికెన్ని కారులు పండునో ఉపగ్రహచిత్రములు తెలిపెను. కోళ్లు మెండుగా నున్నచోటనే తెగులును మెండుగా నుండవలెనని మనకు తోచును. అట్లు కాలేదు. రెండు మూడు కారులు పండు పల్లపునేలలలో, కోసిన చేల వెంబడి బాతులమందలు మేయుచోటులతోడనే రోగమునకు గాఢసంబంధము కానవచ్చెను. బాతు తాను జబ్బుపడినట్లు కానరాకయే విషక్రిమిని వెదజల్లగలదు. 2006లో ఈ ఫలితములు ప్రకటింపబడెను.

అయినను పటము సర్వజ్ఞము కాదు. రెండు విషయములొకచోట నున్నంతమాత్రమున నొకటి రెండవదానికి కారణమని తీర్పు చెప్పరాదు. అంతకంటె పెద్దచిక్కు వేఱొకటి గలదు. చెప్పినచోటనే చుక్క పడును. దాచినచోటు తెల్లగా నుండును. ఆ తెలుపు ఆరోగ్యమో మౌనమో పటమెఱుగదు. కోళ్లను చంపుటకు వచ్చువారు పరిహారము నీయకున్న పేదయిల్లాలు నోరేల విప్పును? కావున వేళకందు న్యాయమైన పరిహారము దయాధర్మము కాదు; సత్యమైన పటమునకు మూల్యమని మా యభిప్రాయము.

2025 ఫిబ్రవరిలో మన గోదావరీ తీరమున వేల్పూరు, కానూరు అగ్రహారము గ్రామములలో ఈ తెగులు బయటపడెను. అధికారులు రోగస్థానము చుట్టును ఒక కిలోమీటరు, పది కిలోమీటర్ల వలయములు గీసి కట్టుబాట్లు విధించిరి. మనకును వరిచేలు గలవు, బాతులమందలు గలవు. అంతమాత్రమున థాయిలాండు తీర్పును తెచ్చి మన బాతులపై మోపుట న్యాయము కాదు. ఇచ్చట రోగము కనబడినది కోళ్లఫారములలో. మన పటమును మనమే గీసికొనవలెను.

అది పట్టణపు కార్యాలయమున మొదలు కాదు. మన పెరటిలోనే మొదలగును. చచ్చిన కోడిని కాలువలో విసరువాడు పొరుగూరికి రోగమును పంపుటయే కాక పటముపై నొక యబద్ధమును వ్రాయుచున్నాడు. పక్షులు హఠాత్తుగా చచ్చినచో వానిని ముట్టక, పిల్లలను దూరముంచి, వెంటనే పశువైద్యునకు తెలుపు గృహిణి యా పటముపై నొక నిజమైన చుక్కను పెట్టుచున్నది. ఆ చుక్క పొరుగింటి బిడ్డను కాపాడవచ్చును.