తారీఖు వేసిన జ్ఞాపకం

అలిపిరిలో మొదటి మెట్టు ఎక్కినప్పటి నుంచి ఫోనులోని డైరీ యాప్ తన పని తాను చేసుకుపోతుంది. మనం అనుమతి ఇచ్చి ఉంటే చాలు, గాలిగోపురం దగ్గర తీసిన ఫొటో, నడిచిన అడుగులు, ఆ పూట ఎండ, అన్నీ ఆ రోజు పేజీలో చేరిపోతాయి. శ్రీవారి ఆలయంలోకి మాత్రం సెల్‌ఫోను తీసుకువెళ్లనివ్వరు. ఏ క్షణం కోసం కొండ ఎక్కామో ఆ ఒక్క క్షణమే యాప్‌కు తెలియదు. దాన్ని బయటికొచ్చాక మన మాటల్లో మనమే రాసుకోవాలి. ఈ కొండకు అలా రాసుకోవడం కొత్త కాదు.

తాళ్లపాక అన్నమాచార్యులు రోజుకొక సంకీర్తనకు తక్కువ కాకుండా స్వామికి విన్నవించుకున్నారని ప్రతీతి. మొత్తం 32 వేలని చెబుతారు. ఇప్పుడు మనకు దక్కినవి 12 వేలకు పైచిలుకు. భక్తితోపాటు సంసారపు విసుగు, చేసిన తప్పులకు పశ్చాత్తాపం, అలిసిన మనసు కోరుకునే శాంతి వాటిలో పలుకుతాయి. ఆయన వారసులు వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. ప్రతి పాటకూ రాగం పేరు రాయించారు. అధ్యాత్మ సంకీర్తనల మొదటి రేకు మీద కాలం కూడా వేయించారు: పదహారో ఏట క్రోధి సంవత్సరంలో, అంటే 1424లో మొదలు, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి, అంటే 1503లో ముగింపు. ఒక మనిషి లోపలి బతుకుకు అంత పొడవైన తారీఖుల లెక్క తెలుగులో అరుదు.

ఆ రేకులు ఆలయంలోనే, సంకీర్తన భాండారమనే రాతి అరలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. 1920ల్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటిని వెలుగులోకి తెచ్చారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించి అచ్చుకిచ్చాకే ఆ పాటలు మళ్లీ జనం నోటికొచ్చాయి. రాగి అక్షరాన్ని కాపాడింది. చదివే మనిషి వచ్చేదాకా ఆ అక్షరానికి గొంతు లేదు.

మామూలు వచనంలో రోజువారీ రాత ఏనుగుల వీరాస్వామయ్యతో ఈ దారిన వచ్చింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరారు. తొలి మజిలీల్లోనే తిరుపతి చేరి, కొండ ఎక్కి, చూసింది రాశారు. ఏ ఊళ్లో నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, బస ఎలా ఉంటుంది అన్న సంగతులు వెనక వచ్చే యాత్రికుల కోసం వదలకుండా పెట్టారు. 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారి పొడవునా ఆ రాతలు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు అందుతూ వచ్చాయి. వీరాస్వామయ్య పోయాక, 1838లో, పిళ్లే వాటిని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు.

తర్వాతి కాలంలో తారీఖులు అచ్చయిన డైరీ ఇంటింటికీ చేరింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఏటా వేసే డైరీల కోసం జనం ఇప్పటికీ ఎదురుచూస్తారు. ఇంటి లెక్కలు, పెళ్లి ముహూర్తాలు, మొక్కులు అన్నీ వాటిలోనే.

ఆ డైరీ కాగితం నుంచి ఫోనులోకి రావాలంటే ముందు తెలుగు అక్షరం అక్కడికి చేరాలి. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది. తెలుగులో టైపు చేసింది ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించడానికి పునాది అదే. డైరీ యాప్‌లలో 2011లో డే వన్, 2023 డిసెంబరులో ఆపిల్ వారి జర్నల్ వచ్చాయి. వీటి అసలు బలం వెతికి పెట్టడం. ‘కల్యాణకట్ట’ అని కొడితే పాప పుట్టువెంట్రుకలు తీయించిన రోజు రాసుకున్న నాలుగు వాక్యాలు క్షణంలో కళ్లముందుంటాయి. డే వన్ అయితే పాత ఏళ్లలో ఇదే తేదీన ఏం రాశామో తానే గుర్తుచేస్తుంది. రాగిరేకుకూ కాగితానికీ ఈ శక్తి లేదు.

రాగికున్న ఓర్పు మాత్రం యాప్‌కు లేదు. ఫోను పోవచ్చు, పాస్‌వర్డు మరిచిపోవచ్చు, కంపెనీ మూతపడవచ్చు. అందుకే ఏడాదికోసారి రాసిందంతా పీడీఎఫ్‌గా బయటికి తీసి, వీలైతే అచ్చు వేయించి ఇంట్లో పెట్టుకోవాలి. అన్నమయ్య పాటలను కొడుకులూ మనవలూ నిలిపారు, వీరాస్వామయ్య రాతలను మిత్రుడు నిలిపాడు. యాప్‌లో రాసేవాళ్లు కూడా తమ రాతలు ఎక్కడున్నాయో, ఎలా తెరవాలో నమ్మకమైన ఒక్కరికైనా ఇప్పుడే చెప్పి ఉంచాలి.