విమాన చోదకుల అలసట – ప్రయాణికుల భద్రత

రాగి పంట కోతకు వచ్చే దినాలలో ఏనుగుల బెడదకు జడిసి రాత్రంతా చేనిలో కాపలా ఉండే వేప్పనపల్లి రైతులకు ఒక సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. నడిరేయి వరకు ఎలాగో మేలుకొనవచ్చును గాని, తెల్లవారుజామున కళ్ళు వాటంతట అవే మూతపడతాయి. విమానం నడిపే పైలట్‌దీ ఇటువంటి దేహమే. ఈ ప్రాంతం నుండి ఉద్యోగానికో చదువుకో పరదేశం వెళ్ళే బిడ్డలు బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయం నుండి తరచుగా అర్ధరాత్రి వేళల్లోనే బయలుదేరుతారు. కనుక పైలట్ల విశ్రాంతి ఈ పల్లెలకూ సంబంధించిన విషయమే.

అలసట అంటే ఏమిటి?

మనిషి దేహంలో పగలు, రాత్రి అనే లయ ఒకటి ఉన్నది. సుమారు రాత్రి 2 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు చురుకుదనం మిక్కిలి తగ్గుతుంది. అప్పుడు చూపు, ఆలోచన, నిర్ణయం మందగిస్తాయి. గాఢనిద్ర నుండి లేచిన వెంటనే కొంతసేపు మత్తు వదలదు. కాఫీ తాత్కాలికంగా తోడ్పడుతుందే గాని నిద్రకు బదులు కాజాలదు.

మంగళూరు దుర్ఘటన

2010 మే 22 ఉదయం దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో కొండపై గల రన్‌వే దాటి లోయలో పడింది. అందున్న 166 మందిలో 158 మంది మరణించగా, 8 మంది మాత్రమే బ్రతికారు. ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే నేతృత్వంలోని విచారణలో కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రించినట్లు తేలింది. విమానం మరీ ఎత్తున వస్తున్నదని గ్రహించిన సహచోదకుడు మరల పైకి లేపుమని హెచ్చరించినా, కెప్టెన్ దించే ప్రయత్నం విరమించలేదు. ప్రమాదానికి అదే ముఖ్య కారణమనీ, నిద్రమత్తు దానికి తోడైనదనీ నివేదిక పేర్కొన్నది.

అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరం వద్ద కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించారు. ఆ పిమ్మట అక్కడ పైలట్ల విశ్రాంతి నిబంధనలు మార్చి 2014 నుండి అమలు చేశారు.

మన దేశపు నిబంధనలు

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2024 జనవరిలో కొత్త నియమాలు ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెరిగింది. రాత్రివేళ విమానం దించే సంఖ్య 6 నుండి 2కు తగ్గింది. 'రాత్రి' అనే కాలపరిమితిని ఉదయం 5 గంటలకు బదులు 6 గంటల వరకు పొడిగించారు. ఇవి 2025 జులై 1, నవంబరు 1 తేదీలలో రెండు విడతలుగా అమలులోకి వచ్చాయి.

అయితే 2025 డిసెంబరు తొలి వారంలో చాలినంతమంది పైలట్లు లేక ఇండిగో సంస్థ వేలాది విమానాలను రద్దు చేసింది. ప్రయాణికులు విమానాశ్రయాలలోనే చిక్కుకొనగా, రాత్రి విధులకు సంబంధించిన కొన్ని నియమాల నుండి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు సడలింపు ఇచ్చారు. ప్రయాణికుల ఇబ్బంది తీర్చుటకు చేసిన ఈ ఏర్పాటు, వారి భద్రతకై పుట్టిన నియమాన్నే వాయిదా వేసినదని పైలట్ల సంఘాలు ఆక్షేపించాయి.

ప్రయాణికులు గ్రహించవలసినది

పైలట్ల పనివేళ ముగిసిందని విమానం ఆలస్యమైతే కోపం రావడం సహజం. కాని ఆ ఆలస్యం ప్రాణరక్షణ కొరకే. విమానం రద్దయినప్పుడు మరొక విమానమో, చెల్లించిన సొమ్మో కోరే హక్కు ప్రయాణికునికి ఉన్నది.

ఇంకొక్క మాట. తెల్లవారుజామున విమానాశ్రయానికి కారు నడిపే డ్రైవరు కూడ నిద్ర మానుకొన్నవాడే కావచ్చు. బిడ్డను సాగనంపే కుటుంబం అతడు ముందురోజు నిద్రించాడో లేదో అడిగి తెలుసుకొనుట మంచిది. పైలట్‌ను అడిగే వీలు లేదు గాని, డ్రైవరును అడగవచ్చును.